వంకర చిమటా

పాత సైకిలు ఫ్రేము ఎక్కడ కనిపించినా నా కాళ్లు ఆగిపోతాయి. బాన్సువాడలో పాత ఇనుము కొనే దుకాణాల్లో నేను తొంగిచూడనిది లేదు. బస్సుల గ్యారేజీలో ముప్పై ఏళ్లు పానాలు పట్టి, రిటైరయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోలేక మొదలుపెట్టిన పని ఇది. తుప్పు పట్టిన ఫ్రేము ఒకటి తెస్తాను. విప్పి, గాసునూనె పట్టించి, రంగంతా గీకి, సొట్టలు తీసి మళ్లీ రంగు వేస్తాను. చక్రాలు ఒకచోట దొరుకుతాయి, హ్యాండిలు ఇంకోచోట, సీటు కోసం మాత్రం నెల తిరగాలి. ఎలాగో రెండు మూడు నెలలకు ఒక బండి నిలబడుతుంది. ఎవరైనా మనసుపడి అడిగితే ఇస్తాను. లేకపోతే వరండాలో గోడకు వేలాడుతుంది. ఇప్పుడు ఏడు వేలాడుతున్నాయి. "ఇంట్ల మనుషులకు జాగ లేదు, సైకిళ్లకు మాత్రం గోడలన్నీ కావాలె" అని మా ఇంటామె రోజుకొకసారైనా అంటుంది. అననీ, ఆమె నోరు ఆమెది.

నాకొక జబ్బుంది. వంకర చూస్తే ఓర్చుకోలేను. పక్కింట్లో క్యాలెండరు ఒరిగి ఉన్నా లేచి వెళ్లి సరిచేసి వస్తాను. సైకిలు ఫ్రేముకైతే దారం పరీక్ష పెడతాను. వెనక చక్రం కూర్చునే చోట ఒక పక్క దారం కట్టి, ముందు గొట్టం చుట్టూ తిప్పి, రెండో పక్కకు తెచ్చి కడతాను. సీటు గొట్టానికి రెండు వైపులా దారం ఎంతెంత దూరంలో ఉందో కొలుస్తాను. నూలుపోగంత తేడా వచ్చినా ఆ రోజు నాకు అన్నం సయించదు. కోపం సంగతి సరేసరి, ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. గ్యారేజీలో నాకు పని చెప్పబోయిన ఇంజినీర్లనే "నాకు చెప్పకుండ్రి సార్" అని పంపించినవాణ్ణి. ఆ మాట ఇంకా నోట్లోంచి పోలేదు.

పోయిన దసరా అయిన వారానికి, మార్కెట్టు వెనక పాత ఇనుము దుకాణంలో ఒక నల్ల ఫ్రేము కనిపించింది. చక్రాలు లేవు, హ్యాండిలు లేదు, ఎడమ పక్క పెడలు లేదు, పెడలు తగిలించే కడ్డీ కూడా లేదు. ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే రెండు కాళ్ల చిమటా మాత్రం ఉంది, అదీ ఒక పక్కకు వంగి. అన్నింటికంటే నాకు ఒళ్లు మండించింది ఇంకోటి. కింది గొట్టానికి ఎడమ వైపున ఎవరో జానెడు ఇనుప కడ్డీ అతికించి, కొస పైకి వంచి, దాని మీద టైరు ముక్క చుట్టారు. మంచి గొట్టాల ఫ్రేము, ఈ రోజుల్లో అలాంటివి రావు. దానికి ఈ దిక్కుమాలిన కొమ్ము ఏమిటి?

దుకాణం భాయి ముసలాయన, నెమ్మదస్తుడు. నేను కడ్డీని పట్టుకుని గుంజి చూస్తుంటే, "భాయ్, గది ఒక కాలు లేవని ఆయన బండి. గా కడ్డీ ఎందుకంటే..." అని ఏదో చెప్పబోయాడు.

"నాకు చెప్పకు భాయ్. ముప్పై ఏండ్లు బస్సులు విప్పి బిగించిన. సైకిల్ గురించి నువ్వు చెప్తవా నాకు?"

ఆయన నోరు మూసుకుని ఫ్రేమును కాంటా మీద పెట్టాడు. నేను దాన్ని భుజానికి తగిలించుకుని, ఏదో గెలిచినవాడిలా ఇంటికి వచ్చాను.

మర్నాడు పొద్దున్నే గ్రైండరు పెట్టి ఆ కడ్డీని కోసేశాను. అతికించినవాడు పనిమంతుడే, పిసరంత సందు లేకుండా అతికించాడు. ఇంత పని తెలిసినవాడికి బుద్ధి మాత్రం లేకపాయె అనుకున్నాను. మిగిలిన బొడిపెను ఆకురాయితో రాకి, గరుకు కాగితంతో రుద్ది, వేలు పెట్టి చూస్తే ఎక్కడ ఉండేదో నాకే తెలియనంత నున్నగా చేశాను. తర్వాత చిమటా. దాన్ని పెరట్లో ఇనుప స్తంభానికి బిగించి, కాళ్లకు పొడుగు గొట్టం తొడిగి, కొంచెం కొంచెంగా లాగి సక్కగా తెచ్చాను. దానికే రెండు రోజులు పట్టింది. దారం కట్టి కొలిస్తే రెండు పక్కలా సరికి సరి. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

ముదురాకుపచ్చ రంగు వేశాను. గొట్టాల వెంట సన్నటి పసుపు గీత లాగాను. ఎడమ పక్కకు పెడలు తగిలించే కడ్డీ, పెడలు కొత్తవి వేశాను. చక్రాలూ హ్యాండిలూ బిగించి గోడకు తగిలించి, కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చుని చాయ తాగాను. కంపెనీ నుంచి ఇప్పుడే వచ్చినట్టుంది అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఆ తర్వాత నాలుగో రోజో ఐదో రోజో, పది గంటల వేళ మా ఇంటి ముందు ఆటో ఆగింది. ఒకాయన చేతికర్ర ఊతంగా దిగాడు. నలభై ఐదేళ్లుంటాయి. ఎడమకాలు సన్నగా, ప్యాంటులో ఊగుతోంది. చిన్నప్పుడు పోలియో వచ్చిన కాలు అని చూడగానే తెలిసింది.

"నమస్తే అన్నా. పాత సామాన్ల భాయి పంపిండు. నల్ల ఫ్రేము ఒకటి మీరు తెచ్చుకున్నరట. అది నాది. మా ఇంటోళ్లు నాకు తెల్వకుంట అమ్మిన్రు."

గోడ చూపించాను. ఆయన ఒక్కొక్క బండినీ చూసుకుంటూ వెళ్లాడు. ఆకుపచ్చ బండిని దాటిపోయాడు. చివరిదాకా పోయి నా వైపు తిరిగి, "వీట్ల లేదన్నా" అన్నాడు.

"గదే" అన్నాను, ఆకుపచ్చది చూపించి. ఆయన నమ్మలేదు. దగ్గరికి పోయి కింది గొట్టం మీద చెయ్యి వేశాడు. కడ్డీ ఉండే చోట తడిమాడు. కొంచెం పైకి తడిమాడు, కొంచెం కిందికి తడిమాడు. గుడ్డివాడు గొళ్లెం వెతుక్కున్నట్టు తడిమాడు.

"కడ్డీ ఏదన్నా?"

"కోసేసిన" అన్నాను.

ఆయన మెల్లగా మా అరుగు మీద కూలబడ్డాడు. నా నోరు నా మాట వినదు కదా. "మీ ఇంటోళ్లు అమ్మిన్రు, నేను కొన్న. నా తప్పేముంది?" అన్నాను.

"మీ తప్పంటలేనన్నా. జర నా మాట వినుండ్రి."

అప్పుడు చెప్పాడు. బీర్కూర్ దిక్కు తండా ఆయనది. పెద్ద కాలువ నుంచి చీలిన పిల్లకాలువ మీద, నీళ్లు వదిలినప్పుడల్లా తూములు ఎత్తి దించే పని ఇరవై ఏళ్లుగా చేస్తున్నాడు. ఆ పని చేసేవాణ్ణి మా వైపు లష్కర్ అంటారు. ఏ పొలానికి ఎంతసేపు నీళ్లో, ఏ తూము ఎంత ఎత్తాలో ఆయనే చూడాలి. కింది పొలం ఎండితే తిట్లు, పై పొలం మునిగితే తిట్లు. పంట వచ్చాక రైతులు తలా ఇంత వడ్లు కొలుస్తారు. కాలువ గట్టు మీద ఆ చివరి నుంచి ఈ చివరికి తిరగాలి. నడవలేడు. కుడికాలు ఒక్కదానితోనే సైకిలు తొక్కుతాడు. కుడి పెడలుకు తోలు పట్టీ ఉంటుంది, దాంట్లో పాదం దూర్చి కిందికి తొక్కడమూ పైకి లాగడమూ ఒక్క కాలే చేస్తుంది. ఎడమకాలు ఎక్కడైనా ఆనాలి, లేకపోతే వేలాడి చక్రంలో పడుతుంది. అది ఆనడానికే ఆ కడ్డీ. ఎడమ పెడలు అడ్డమని ఆయనే తీయించాడు.

"మూడు గిరకల బ్యాటరీ బండి ఇచ్చిన్రు నాకు సర్కారోళ్లు, మొన్న దసరాకు. అది రాంగనే ఇగ పాతది ఎందుకని అమ్మిన్రు ఇంట్ల. గది గట్టు మీద పడుతదా అన్నా? గట్టు రెండు మూరలుంటది. ఒక దిక్కు కాలువ, ఒక దిక్కు మడి."

"మరేం చేస్తవు?"

"ఇంక పది రోజులల్ల యాసంగికి నీళ్లిడుస్తరు. బండి లేదని తెలిసింది రైతులకు. మోటార్ సైకిల్ ఉన్నోడొకడు నేను జేస్త అంటుండు. పెద్దమనుషులు ఏమన్నరంటే, నీళ్లొచ్చిన నాడు మూడో తూము దాక పోయి ఎత్తినోడే లష్కర్ అన్నరు." నేల చూస్తూ అన్నాడు. "గా పని ఉంటే నన్ను లష్కర్ అంటరన్నా. లేకుంటే కుంటోడంటరు. గంతే."

భాయి చెప్పబోయిన మాట ఇదే. నేను వినివుంటే ఈ మనిషి మా అరుగు మీద ఇలా కూర్చునేవాడు కాదు. సిగ్గుతో చచ్చిపోయాను, ఇంతకంటే దాచిపెట్టి చెప్పడం నాకు చేతకాదు.

"తమ్మీ, నీ కడ్డీ నేను పెడత. నీళ్లొచ్చేలోపు నీ బండి నీకు ముట్టజెప్పుత" అన్నాను.

చెప్పినంత తేలిక కాలేదు. ఆ కడ్డీ చేసిన కమ్మరి ఎప్పుడో పోయాడు. కొలతలు ఏ కాగితం మీదా లేవు. కోసిన ముక్కను నేను ఏ కుప్పలో పారేశానో, ఎంత వెతికినా దొరకలేదు. కొత్తగా వేసిన ఎడమ పెడలును దాని కడ్డీతో సహా పీకేశాను, కుడి పెడలుకు తోలు పట్టీ కట్టాను. బండిని గోడకు ఆనించి, ఆయన్ను సీటు మీద కూర్చోబెట్టి, ఆయన ఎడమ పాదాన్ని నా అరచేతిలో పట్టుకుని గొట్టం పక్కన ఆనించాను. అంత పెద్ద మనిషికి అంత చిన్న పాదం. చల్లగా ఉంది. ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"ఇక్కడనా?"

"జర కింద... ఇంకో వేలు ముందుకు... ఆ, గక్కడ."

సుద్దతో గుర్తు పెట్టి వెల్డింగుకు తీసుకుపోయాను. తెచ్చాక ఆయన కూర్చుంటే మోకాలు హ్యాండిలుకు తగిలింది. కోసి మళ్లీ పెట్టించాను. ఈసారి మడమ జారింది. మళ్లీ కోసి మళ్లీ పెట్టించాను. వెల్డింగు మంటకు నా ఆకుపచ్చ రంగు అక్కడంతా మాడి బొబ్బలెక్కింది. మామూలుగా అయితే నాకు కడుపు రగిలిపోవాలి. రంగు వైపు చూడబుద్ధి కూడా కాలేదు. రోజూ ఆయన ఆటోలో రావడం, నేను ఆ పాదం పట్టుకోవడం. మూడో కడ్డీకి పాదం కుదురుగా కూర్చుంది. మా ఇంటామె ఆయనకు అన్నం పెడుతూ, "ఈయన చేతుల పడ్డంక సామాను గింత తొందరగ బయటికి వచ్చుడు నేను చూడలే" అంది. ఆయన నవ్వలేదు.

మా గల్లీ చివర ఇళ్లు కట్టని ఖాళీ జాగా ఉంది. అక్కడికి తీసుకెళ్లాం. పక్కనున్న ప్రహరీ గోడను తోసుకుని బయల్దేరాడు. రెండు సార్లు తొక్కాడో లేదో, బండి కుడివైపుకు తిరిగి కంపలో పడింది. లేపి నిలబెట్టాను. రెండోసారీ కుడివైపే. మూడోసారి హ్యాండిలును బలంగా ఎడమకు పట్టుకుని తొక్కాడు. పది గజాలు పోయి, చేతులు వణికి పడిపోయాడు. మోచెయ్యి గీరుకుపోయింది. అక్కడ కాలువ ఉండి ఉంటే ఏమయ్యేదో ఇద్దరికీ తెలుసు.

దుమ్ము దులుపుకోకుండానే బండి ముందు కూర్చుని ముందు చక్రం వైపు చాలాసేపు చూశాడు. "అన్నా, చిమటాను ఏమన్న చేసినవా?" అన్నాడు.

"వంకరుండె. సక్కగ చేసిన" అన్నాను. ఆ క్షణంలో కూడా నా గొంతులో కాస్త గర్వం ఉంది. దానికి ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

ఆయన తల పట్టుకున్నాడు. "అయ్యో, అన్నా! అది చెరుకు ట్రాక్టర్ తగిలి వంగింది. అంతకు ముందు దినాం పడేటోన్ని. నా బరువంత కుడి దిక్కే గద, బండి కుడికే పోతుండె. చిమటా వంగినంక అది ఎడమకు గుంజుడు షురువైంది. నేను ఇటు గుంజుడు, అది అటు గుంజుడు. గప్పటిసంది గట్టు మీద గీత గీసినట్టు పోతుండె."

కడ్డీ అయితే కోశాను, మళ్లీ పెట్టాను. వంకరను ఎలా పెట్టాలి? సరిచేసేముందు అది ఎంత వంకరో కొలవలేదు. వంకరను ఎవరు కొలుస్తారు? "రేపు మధ్యాహ్నం రా తమ్మీ. మళ్ల వంచుదాం" అన్నాను. అప్పటికి నీళ్లు రావడానికి మూడు రోజులే ఉన్నాయి.

మర్నాడు పొద్దున ఒకామె వచ్చి మా గుమ్మం దగ్గర నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు. కొంగు తల మీదికి లాక్కుని గడప పక్కన కూర్చుంది. లష్కర్ భార్య. పొద్దున బస్సుకే వచ్చిందట, భర్తకు చెప్పకుండా.

"అన్నా, గా బండి నేనే అమ్మిన" అంది.

"తెలుసమ్మా. మూడు గిరకల బండి వచ్చిందని..."

"దానికి కాదు. గది ఆయన అనుకుంటుండు." ఆమె గడప చెక్కను గోటితో గీకుతూ చెప్పింది. పోయిన వానకాలం పంటప్పుడు ఆయన గట్టు జారి సైకిలుతో సహా కాలువలో పడ్డాడు. ఈత వచ్చినా ఆ కాలు ఆడదు. ఈత కూడా రాదు. గొర్లు కాసేవాళ్లు చూసి గుంజారు. బయటికి తీస్తే మొహం నల్లగా అయిపోయి ఉందట. తండాలో ఎవరికీ చెప్పొద్దని ఆమె చేత ఒట్టు వేయించుకున్నాడు. అప్పటి నుంచి ఆయన గట్టు మీదికి పోయిన ప్రతిసారీ ఆమె చేనులో పని చేస్తూ చేస్తూ నడుమెత్తి చూస్తూనే ఉంది.

"నేను నాట్లకు పోత, కోతకు పోత. ఇంత గంజి తాగి బతుకుతం. నువ్వు చిమటా సక్కగ చేసినవంట గద. గట్లనే ఉండనీ అన్నా. వంకర చేయకు. చేతనైతలేదని చెప్పు."

"నాకు చేతనైతలేదని చెప్పుమంటవా?" అన్నాను. చూడండి నా బుద్ధి, అంత మాట విన్నాక కూడా నాకు ముందు తట్టింది అదే.

ఆమె తలెత్తి సూటిగా చూసింది. "నీ ఇజ్జత్ పోతది. నా మనిషి ఉంటడు" అంది.

ఆమె వెళ్లిపోయాక చాలాసేపు పెరట్లో చిమటాను చేత్తో పట్టుకుని నిలబడ్డాను. మా ఇంటామె తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది. ఏమంటావ్ అని అడిగాను. నా జన్మలో ఆమెను ఒక పని గురించి అలా అడిగిన గుర్తు లేదు. "ఆమె జాగల నేనున్నా గదే అంటుంటి" అంది. తర్వాత, "ఆయన జాగల నువ్వుంటే ఏం చేస్తుంటివి?" అని లోపలికి పోయింది. సాయం చేసినట్టా, నిప్పు పెట్టినట్టా?

మధ్యాహ్నం లష్కర్ వచ్చాడు. మోచేతికి గుడ్డ కట్టుకుని, కర్ర తాటిస్తూ, చిన్నపిల్లాడు బడికి వచ్చినట్టు టైముకు వచ్చాడు. అబద్ధం ఆడదామనే నోరు తెరిచాను. నిజంగా. చేతనైతలేదు తమ్మీ అని ఒక్క మాట, అయిపోయేది. ఆయన కళ్లలోకి చూశాక ఆ మాట రాలేదు.

"కాలువల పడ్డవట గద" అన్నాను.

ఆయన కర్ర ఆగిపోయింది. "మా ఆమె వచ్చిందా?"

"వచ్చింది."

కోపం చేస్తాడేమో అనుకున్నాను. చేయలేదు. అరుగు మీద కూర్చుని, "పాపం, బస్సుకు వచ్చి ఉంటది" అన్నాడు. కర్రను పక్కన పెట్టి, "దానికి భయమన్నా. నాకు లేదా? పడ్డ తెల్లారి గట్టు ఎక్కంగ నా పానం నా చేతుల లేకుండె. అయినా ఎక్కిన. నేను పోకుంటే చివరి పొలాలకు నీళ్లు చేరయి. కింది రైతులు నా కోసం చూస్తుంటరు. నా కోసం ఎవలన్న చూసేది గక్కడొక్కతాననే. నన్ను ఇంట్ల కూసోబెడితే నేను ఏడాది గూడ ఉండ" అన్నాడు.

ఫ్రేము కొన్నప్పుడు ఎవరి మాటా వినలేదు. ఇప్పుడు ఇద్దరి మాటా విన్నాను, ఒక్కరి మాటే చేయగలను. ఎవరి కాలో, ఎవరి పానమో వాళ్లనే చెప్పనిద్దాం అనుకున్నాను. ఆమె మొహం మాత్రం కళ్ల ముందు నుంచి పోలేదు. ఆమెకు ద్రోహం చేస్తున్నానని తెలిసే చిమటాను స్తంభానికి బిగించాను.

ముప్పై ఏళ్లలో ఎన్నో వంకరలు తీశాను, కావాలని వంకర పెట్టడం అదే మొదలు. చెయ్యి రాలేదు. మొదటిసారి మరీ భయంగా వంచాను, బండి ఇంకా కుడికే పోయింది. విప్పి మళ్లీ వంచాను. ఈసారి ఎక్కువైంది, ఎడమకు గుంజింది. మళ్లీ వెనక్కి. ఆయన తొక్కి వచ్చి, "ఇంకొంచెం", "గంత కాదు" అంటాడు, నేను విప్పుతాను. మర్నాడు సాయంత్రానికి, ఎన్నోసారో లెక్క తప్పింది, ఆయన ఖాళీ జాగా ఆ చివరిదాకా పోయి, తిరిగి, నేను సుద్దతో గీసిన గీత మీదుగా వచ్చి నా ముందు ఆగాడు. చేతులు వణకలేదు. నేను కూడా ఒకసారి ఎక్కి చూశాను. నాలుగు గజాలు పోలేదు, బండి నన్ను ఎడమకు ఈడ్చుకుపోయి మోరీలో పడేసింది. అప్పుడు నవ్వాడు ఆయన. ఇన్ని రోజుల్లో మొదటిసారి నవ్వాడు, కర్ర కింద పడేసి మరీ నవ్వాడు.

నీళ్లు వచ్చే రోజు నేను బీర్కూర్ బస్సెక్కి, దిగి కాలువ దాకా నడిచిపోయాను. గట్టు మీద ఒక పదిహేను మంది రైతులున్నారు. మోటార్ సైకిల్ ఆయన కూడా ఉన్నాడు, బండి స్టాండు వేసి. దాని మీద అతను గట్టు వెంట పోలేడని కాదు, పోతాడు, కాకపోతే మొదటి వంతు పాత లష్కర్‌ది. నిండుగా వచ్చే నీళ్లను చూశాక నాకే తల తిరిగింది. ఎర్రగా, నురగతో, చెత్తంతా ముందు వేసుకుని వచ్చింది నీరు. గట్టు నిజంగానే రెండు మూరలు. పైగా తడి.

లష్కర్ బండి ఎక్కాడు. ఎడమ పాదాన్ని చేత్తో ఎత్తి కడ్డీ మీద పెట్టుకున్నాడు. ఎవరి వైపూ చూడలేదు. ఒక పెద్దాయన, "జర పైలం" అన్నాడు. బండి కదిలింది. మొదటి తూము దాటింది. కాలువ ఎడమ పక్క ఉంది, నేను వంచిన వైపు. ఒక్క నూలుపోగు ఎక్కువ వంచి ఉంటే?

కొంచెం దూరంలో తుమ్మచెట్టు దగ్గర ఆమె నిలబడి ఉంది. నేను దగ్గరికి పోయాను. తిట్టినా పడదామనే పోయాను. ఆమె తిట్టలేదు. కళ్లు ఆయన మీది నుంచి తీయకుండానే అడిగింది.

"అన్నా, నీకు ఈత వస్తదా?"

"రాదమ్మా."

"నాకు గూడ రాదు" అంది.

అప్పుడు చూశాను. ఆమె భుజానికి బావి తాడు చుట్ట ఉంది. కొత్తది, ఇంకా పీచు రాలుతోంది. ఆమె ఆయన వెనకే గట్టు దిగువన మడిలోంచి నడవడం మొదలుపెట్టింది. నాలుగడుగులు వేసి, చుట్ట విప్పి, వెనక్కి తిరగకుండానే తాడు ఒక కొస నా వైపు చాచింది. నేను చెప్పులు విడిచి బురదలోకి దిగి దాన్ని అందుకున్నాను. ఆయన మూడో తూము దగ్గర దిగి నిలబడేదాకా ఆ కొస విడవలేదు.